గాయం మానింది, వేలు మాత్రం వంగడం లేదు: టెండన్ దెబ్బలకు సమస్య - పరిష్కారం

మా కోనసీమలో చేతికి కత్తి దిగిందంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగే మాట, "నరం గానీ తెగిందా?" అని. రక్తం కారే గొట్టాన్నీ నరం అంటాం, స్పర్శ తెలిపేదాన్నీ నరమే అంటాం, వేలిని లాగి వంచే తెల్లటి తాడునూ నరమే అంటాం. ఈ మూడోదాని అసలు పేరు టెండన్. బడి పుస్తకాల్లో స్నాయుబంధనం అని ఉంటుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేది అదే. వేళ్లను గట్టిగా వంచే కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడి చేతి వేళ్లు ఆడించి చూడండి, లోపల కదలిక తెలుస్తుంది. అక్కడి లాగుడు వేలి కొసకు చేరేది ఈ తాళ్ల మీదుగానే.

నేను అమలాపురం దగ్గర ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆలస్యంగా వచ్చే చేతుల్ని చూసినప్పుడల్లా బాధేస్తుంది. మొదటి రోజే అర నిమిషం పరీక్ష చేసి ఉంటే వాటిలో చాలా చేతులు ఇంతదాకా వచ్చేవి కావు.

సమస్య: అరచేతి వైపు తెగింది, రక్తం ఆగింది, కానీ వేలి కొస వంగడం లేదు

కారణం: బొటనవేలు తప్ప మిగతా ప్రతి వేలికీ అరచేతి వైపు రెండు టెండన్లు ఉంటాయి. పైది నడిమి కణుపును వంచుతుంది, లోతుగా ఉన్నది కొస కణుపును వంచుతుంది. లోతుది ఒక్కటే తెగితే నడిమి కణుపు ఇంకా వంగుతుంది కాబట్టి "వేలు బాగానే ఆడుతోంది" అనుకుంటాం. బొటనవేలి కొసను వంచే టెండన్ ఒక్కటే.

మా దగ్గరికి వచ్చిన ఒక కొబ్బరి ఒలుపు కార్మికుడి విషయంలో జరిగింది అదే. కత్తి జారి ఉంగరం వేలి మొదట్లో తెగింది. దగ్గర్లో చర్మానికి కుట్లు వేసి పంపేశారు. వేలి కొస వంచమని ఎవరూ అడగలేదు. గాయం చక్కగా మానింది. ఏడో వారంలో, "కాయ పట్టు దొరకడం లేదండీ" అంటూ వచ్చాడు.

పరీక్ష ఇలా చేయాలి. నడిమి కణుపును కదలకుండా పట్టుకుని కొసను మాత్రం మెల్లగా వంచమనండి. తర్వాత మిగతా వేళ్లను చాపి పట్టుకుని ఆ ఒక్క వేలినే వంచమనండి. ఒక్కసారి చాలు, బలం పెట్టొద్దు. సగం తెగిన టెండన్ బలం పెడితే పూర్తిగా తెగిపోవచ్చు. వేలు వంగుతోంది గానీ నొప్పిగా, బలహీనంగా వంగుతోందంటే ఆ సగం తెగిన రకమే అయి ఉండొచ్చు. చిన్నపిల్లలు చెప్పినట్టు చేయరు కదా, వాళ్ల అరచేతిని పైకి తిప్పి ఊరికే ఉంచి చూడండి. మామూలు చేతిలో వేళ్లు చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా కొంచెం కొంచెంగా ఎక్కువ ముడుచుకుని ఉంటాయి. ఆ వరసలో ఒక్క వేలు చాపుకుని ఉంటే అనుమానించాల్సిందే.

పరిష్కారం: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. ఉంగరం వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రాదు. పసుపు, కాఫీ పొడి, సున్నం గాయంలో పెట్టకండి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి. వేలు తెల్లబడి చల్లగా అయితే మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు. అలా కాకపోతే ఆ రోజు గాయం కడిగి, చర్మం కుట్టి, చెక్క కట్టు కట్టడం తప్పేమీ కాదు. టెండన్‌ను తర్వాతి రోజుల్లో కుట్టవచ్చు. కానీ వారం లోపు అయితే మంచిది, రెండు వారాలు దాటనివ్వకండి.

ఎందుకంత తొందరంటే, తెగిన టెండన్ ఉన్నచోట ఉండదు. చేద తాడు తెగితే బావిలోకి జారిపోయినట్టు, కండరం లాగేయడంతో పై కొస అరచేతిలోకి, ఒక్కోసారి మణికట్టు దాకా వెళ్లిపోతుంది. మూడు నాలుగు వారాలయ్యేసరికి కండరం కురచబడుతుంది, టెండన్ నడిచే సొరంగం మూసుకుపోతుంది. అప్పుడు మణికట్టు దగ్గరి మరో టెండన్‌ను తీసి అతకాల్సి వస్తుంది. చాలాసార్లు రెండు ఆపరేషన్లు అవుతాయి. మొదటి దాంట్లో సిలికాన్ కడ్డీ పెట్టి దారి చేస్తారు, సుమారు మూడు నెలలకు అసలు టెండన్ వేస్తారు. "దాళ్వా కోతలయ్యాక చూద్దాం" అనుకుంటే ఒక ఆపరేషన్ రెండవుతుంది.

కాకినాడ పెద్దాసుపత్రి అయినా, ప్రైవేటు అయినా, చేతి టెండన్లు కుట్టే ప్లాస్టిక్ సర్జన్ గానీ ఆర్థోపెడిక్ సర్జన్ గానీ ఉన్నారా అని ముందే కనుక్కుని బయల్దేరండి. పంటు దాటి రావాల్సిన లంక గ్రామాల వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

సమస్య: వేలు వంగుతోంది, కానీ ఒక పక్క మొద్దుబారింది

ఇది నిజంగా నరమే, నర్వు. వేలికి రెండు పక్కలా పోయే నరాల్లో ఒకటి తెగి ఉంటుంది. దాన్నీ కుట్టవచ్చు, టెండన్‌తో పాటే అయితే ఇంకా మంచిది. తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు కాబట్టి స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా వేడి గిన్నెలు, బీడీ నిప్పు జాగ్రత్త. కాలినా తెలియదు.

సమస్య: చేతి వెనక చిన్న గాయం, వేలు పూర్తిగా పైకి లేవడం లేదు

సంక్రాంతి రోజుల్లో కోడికత్తి దెబ్బలు ఇలాగే ఉంటాయి. బయట చిన్న గాటు, లోపల లోతు. వేళ్లను పైకెత్తే టెండన్లు చేతి వెనక చర్మానికి ఆనుకునే ఉంటాయి. పక్క పక్క టెండన్లకు మధ్య లంకెలుండటం వల్ల, ఒకటి తెగినా పక్కది ఆ వేలిని కొంచెం లేపుతుంది. అందుకని లేచిందా లేదా అని మాత్రమే చూడకండి, రెండో చేతి వేలితో పోల్చి చూడండి. పందెం సంగతి బయటపడుతుందని దాచకుండా ఏ కత్తి తగిలిందో డాక్టరుకు చెప్పండి. మురికి గాయానికి కడిగే పద్ధతి, మందులు మారతాయి.

గాయమే లేకుండా, బంతి తగిలో దుప్పటి దోపుతుంటే మెలికపడో వేలి కొస వాలిపోతే అది వేరు. ఎక్స్‌రేలో పెద్ద ఎముక ముక్క ఊడి లేకపోతే దానికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. కొసను తిన్నగా ఉంచే స్ప్లింట్ (బద్ద కట్టు) 6 నుంచి 8 వారాలు, రాత్రీ పగలూ. కడుక్కోవడానికి తీసినా వేలిని బల్ల మీద చాపే ఉంచాలి. ఒక్కసారి వాలితే వారాల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

సమస్య: ముల్లు గుచ్చుకున్న వేలు ఉబ్బి, వంగి ఉండిపోయింది

రొయ్యల చెరువుల్లో, చేపల పట్టుబడుల్లో పనిచేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జెల్ల ముల్లో, రొయ్య తల మీది ముల్లో లోపలికి దిగి టెండన్ చుట్టూ ఉండే గొట్టంలో చీము పడుతుంది. గుర్తులు నాలుగు: వేలు మొత్తం ఒకేలా ఉబ్బడం, కొంచెం వంగి ఉండటం, టెండన్ పొడవునా నొక్కితే నొప్పి, వేలిని చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి. మాత్రలు వేసుకుని చూద్దామనుకోకూడదు. అదే రోజు ఆసుపత్రిలో చేరాలి, చాలామందికి ఆపరేషన్ చేసి గొట్టాన్ని కడగాల్సి వస్తుంది. ఆలస్యమైతే టెండన్ కుళ్లిపోతుంది. వారాల తరబడి తగ్గని గడ్డలా ఉంటే, "చేపల నీళ్లలో పని" అని డాక్టరుకు మీరే చెప్పండి. మామూలు మందులకు లొంగని నీటి సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి.

సమస్య: మడమ వెనక ఎవరో తన్నినట్టయింది, చూస్తే ఎవరూ లేరు

కబడ్డీలో, చెట్టు మీంచి దూకినప్పుడు వినిపించే మాట ఇది. పిక్క కండరాన్ని మడమకు కట్టి ఉంచే అకిలిస్ టెండన్ తెగి ఉండొచ్చు. కుంటుతూ నడవగలరు కాబట్టి బెణుకని అనుకుంటారు. బోర్లా పడుకోబెట్టి, పాదం మంచం అంచు బయట ఉంచి పిక్క నొక్కండి. పాదం కదలకపోతే తెగినట్టే. ఆపరేషన్‌తోనూ మానుతుంది, పాదాన్ని కిందికి వంచి ఉంచే కట్టు, బూటుతోనూ మానుతుంది. ఏదైనా మొదటి రోజుల్లోనే మొదలుపెట్టాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు గానీ, స్టెరాయిడ్లు గానీ వాడుతుంటే చెప్పండి, అవి ఈ టెండన్‌ను బలహీనపరుస్తాయి.

సమస్య: ఆపరేషన్ అయింది, వేలు బిగుసుకుపోయింది

నా పనిలో ఎక్కువ రోజులు గడిచేది ఇక్కడే. అరచేతిలో వేళ్లకు దగ్గరగా ఉండే మడత నుంచి వేలి నడిమి ఎముక దాకా రెండు టెండన్లూ ఒకే ఇరుకు సొరంగంలో నడుస్తాయి. అమెరికా సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ దీన్ని 'నో మ్యాన్స్ ల్యాండ్' అన్నాడు. అక్కడ కుట్టినవి చుట్టుపక్కలకు అతుక్కుపోయి కదలవని ఆ రోజుల్లో కుట్టడానికే జంకేవారు. ఇప్పుడు కుడుతున్నారు, కుట్టాక త్వరగా కదిలిస్తున్నారు. కోసే చోట మాత్రమే మత్తు ఇచ్చి, బల్ల మీదే రోగి చేత వేలు వంపించి, కుట్టు నిలుస్తోందో లేదో చూసే పద్ధతీ వచ్చింది.

మనవాళ్లకు ఉండే టెన్షన్, "కదిపితే కుట్టు ఊడుతుందేమో" అని. అసలు కదపకపోతే అతుక్కుపోతుంది, ఇష్టమొచ్చినట్టు కదిపితే తెగుతుంది. చేతి వెనక వేసిన స్ప్లింట్ లోపల, సాధారణంగా మొదటి వారంలోనే, సర్జన్ చెప్పిన మేరకు వ్యాయామం మొదలవుతుంది: రెండో చేత్తో వేలిని మెల్లగా పూర్తిగా వంచి, మళ్లీ స్ప్లింట్‌కు ఆనేదాకా చాపడం. కుట్టు బాగా బలహీనంగా ఉండేది రెండో వారం చుట్టుపక్కల. నొప్పి తగ్గేదీ అప్పుడే, అందుకే జనం బిందె ఎత్తేస్తారు, బండి క్లచ్ నొక్కేస్తారు. సుమారు 6 వారాలు స్ప్లింట్, 8 వారాల తర్వాత బలం పెంచే వ్యాయామాలు, 12 వారాల ముందు గునపం, కొడవలి, బస్తా ముట్టొద్దు. బీడీ, చుట్ట మానేయండి, షుగర్ అదుపులో పెట్టండి, మానడం వాటి మీద చాలా ఆధారపడుతుంది.

ఇంత చేసినా బిగుసుకునే ఉంటే కొన్ని నెలలు వ్యాయామం చేయించి, అప్పటికీ కదలకపోతే అతుకులు విడదీసే ఆపరేషన్ చేస్తారు. బాగా ఆడుతున్న వేలు ఒక్కసారిగా 'టక్'మని ఆడటం మానేస్తే మాత్రం కుట్టు తెగినట్టు అనుకోండి. తప్పు మీదైనా సరే, తిడతారని దాచకండి. ఆ వారంలోనే మళ్లీ కుట్టే వీలుంటుంది. అదే సాయంత్రం సర్జన్‌కు ఫోను చేయండి, సోమవారం దాకా ఆగకండి.