మురుగు పొంగకుండా చూడటం – 3వ పాఠం: అడ్డు ఎక్కడుంది, ఎందుకొచ్చింది

గత పాఠంలో మీ వార్డు సీవరేజ్ మ్యాప్ మీద ప్రతి మ్యాన్‌హోల్‌కూ ఒక నంబరు వేసుకున్నారు. ఈసారి పనంతా ఆ నంబర్లతోనే. కొత్తగా చేరిన ఏఈలకు (అసిస్టెంట్ ఇంజినీర్లకు), వర్క్ ఇన్‌స్పెక్టర్లకు రాస్తున్న పాఠమే అయినా కాలనీ సంఘాల వాళ్లూ నేర్చుకోవచ్చు. కాకపోతే మూతలు మాత్రం మీరు తీయకండి. హైదరాబాద్‌లో జలమండలి చట్టం ప్రకారం అది నేరం. సిబ్బంది తీసినప్పుడు పక్కన నిలబడి రాసుకోండి.

ఫిర్యాదు ఎప్పుడూ "మా ఇంటి ముందు మ్యాన్‌హోల్ పొంగుతోంది" అనే వస్తుంది. జట్టు వెళ్తుంది, ఆ మ్యాన్‌హోల్‌లోనే రాడ్లు దింపి పొడుస్తుంది, నీళ్లు కాస్త దిగగానే రిజిస్టర్‌లో "క్లియర్" అని రాసి వచ్చేస్తుంది. నెల తిరక్కుండానే అదే ఇంటి నుంచి మళ్లీ ఫోన్. ఎందుకంటే పొంగిన చోటే అడ్డు ఉండాలని లేదు. కింద ఎక్కడో దారి మూసుకుపోతే మురుగు వెనక్కి తన్ని, మూత పల్లంలో ఉన్న చోట బయటపడుతుంది.

కాబట్టి పొంగుతున్న మ్యాన్‌హోల్‌ను అలాగే వదిలి, పల్లం వైపు తర్వాతి దాని దగ్గరికి నడవండి. మూత తీయించండి. అదీ నిండి ఉంటే ఇంకొకటి. ఉదాహరణకు 41 పొంగుతోంది, 42 మెడ దాకా నిండింది, 43లో అడుగున పలచగా మాత్రమే పారుతోంది అనుకుందాం. అడ్డు 42కీ 43కీ మధ్య ఉన్నట్టే. వీధుల్లోని చిన్న లైన్లలో రెండు మ్యాన్‌హోళ్ల మధ్య దూరం సాధారణంగా 30 మీటర్లకు మించదు, కాబట్టి వెతకాల్సిన ముక్క చిన్నదే.

జెట్టింగ్ పైపును, అంటే ఒత్తిడితో నీళ్లు చిమ్మి పూడిక కరిగించే మెషీన్ పైపును, ఇప్పుడు 43 నుంచి, అంటే ఖాళీగా ఉన్న వైపు నుంచి, ఎగువకు పంపాలి. నాజిల్‌లో వెనక్కి చిమ్మే రంధ్రాలు ఉంటాయి. ఆ ఒత్తిడికే పైపు ముందుకు పాకుతుంది, కరిగిన పూడిక వెనక్కి కొట్టుకొస్తుంది. అది 43 దాటిపోకుండా అక్కడే పట్టి పైకి తీయించాలి. ఈ ఒక్క పని చేయకపోతే ఈరోజు 42 దగ్గరున్న చెత్త వచ్చే వారం 50 దగ్గర అడ్డం పడుతుంది, ఫోన్ ఇంకో వీధి నుంచి వస్తుంది.

ఎంత దూరం నడిచినా అన్నీ నిండే ఉన్నాయా? అప్పుడు అది అడ్డు కాకపోవచ్చు. కింద పంపింగ్ స్టేషన్ ఆగి ఉండొచ్చు, లేదా వీధి లైన్లన్నీ కలిసే పెద్ద ట్రంక్ లైనే నిండిపోయి ఉండొచ్చు. వానలో మాత్రమే పొంగుతుంటే, రోడ్డు మీద నీళ్లు పోవడానికి ఎవరో మూత తెరిచారేమో, మేడ మీది వాననీటి పైపును డ్రైనేజీలో కలిపారేమో చూడండి. అక్కడ ఎంత జెట్టింగ్ చేసినా డీజిల్ ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

అసలు పాఠం బయటికి తీసిన కుప్పలో ఉంటుంది. దాన్ని వెంటనే ట్రాక్టర్‌లో వేసి పంపేయకండి, ఒక్క నిమిషం చూడండి. తెల్లగా, సబ్బు ముద్దల్లా గట్టిపడి ఉంటే వంట నూనె, కొవ్వు. ఎగువన ఏ హోటలో, మెస్సో ఉంటుంది, దాని సిల్ట్ చాంబర్ (కొవ్వు, చెత్త లైన్లోకి పోకుండా ఆపే తొట్టి) నిండిపోయో, అసలు కట్టకుండానో ఉంటుంది. సన్నటి పీచులాంటి చెట్ల వేళ్లు వస్తే పైపు జాయింట్ విడిందని అర్థం. ఇసుక, కంకర వస్తే దగ్గర్లో ఇల్లు కడుతున్నారా, మూత పగిలిందా అని చూడండి. రెండూ కాకపోతే పైపే విరిగి మట్టి లోపలికి దిగుతూ ఉండొచ్చు. చుట్టుపక్కల అలాంటివేమీ లేకపోయినా పూడిక పేరుకుంటుంటే వాలు సరిపోవడం లేదని అనుమానించాలి. మురుగు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారితేనే లైన్ తనను తాను కడుక్కుంటుందని డిజైన్ లెక్క.

రిజిస్టర్‌లో "క్లియర్" అన్న మాట ఇక రాయొద్దు. ఇలా రాయండి: "42–43, 28 మీటర్లు, కొవ్వు ముద్దలు, రెండు బకెట్లు. ఎగువన మెస్, సిల్ట్ చాంబర్ లేదు, నోటీసు ఇవ్వాలి. మళ్లీ చూడాల్సింది: 6 వారాలకు." ఆ ఆఖరి ముక్కే ముఖ్యం. రెండు నెలలకోసారి పొంగే లైన్‌ను ఆరు వారాలకే కడగాలి. వరుసగా రెండుసార్లు శుభ్రంగా కనిపిస్తే గడువు పెంచండి, అప్పుడు ఆ మెషీన్ ఇంకో వీధికి దొరుకుతుంది. హైదరాబాద్ జలమండలి 2024 అక్టోబరు 2న 90 రోజుల ప్రత్యేక పూడికతీత మొదలుపెట్టింది. ఇలాంటి డ్రైవ్‌లు మంచివే. కానీ 91వ రోజున ఏ లైన్‌కు వెళ్లాలో చెప్పేది ఈ రిజిస్టరే.

ఇక చట్టం. ఎంత తొందరగా ఉన్నా, పైనుంచి ఎవరు ఒత్తిడి చేసినా మనిషిని లోపలికి దింపొద్దు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా సీవర్‌లోకి దించి పని చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సీవర్‌లో మరణం జరిగితే కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. "వాసన రావడం లేదు సార్, దిగుతా" అనే వాళ్లుంటారు. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, బాగా ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది. కాబట్టి వాసన లేకపోవడం భరోసా కాదు.

అభ్యాసం: మీ సెక్షన్‌లో గత ఏడాది ఫిర్యాదులు తీసి, ఒకే మ్యాన్‌హోల్ పేరు మూడుసార్లకు మించి వచ్చినవి వేరు చేయండి. ఒక్కోదాని నుంచి పల్లం వైపు నడిచి, అడ్డు పడే ముక్క నంబర్లు, కారణం, మళ్లీ చూడాల్సిన తేదీ నింపండి. వచ్చే పాఠానికి ఆ కాగితం కావాలి. ఆ పాఠంలో హోటళ్లకూ మెస్సులకూ ఇచ్చే నోటీసు ఎలా రాయాలో, సిల్ట్ చాంబర్ తనిఖీలో ఏం చూడాలో నేర్చుకుందాం.