వారం రోజులూ ఒక్క వియన్నాలోనే: పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబానికి ప్లాన్

యూరప్ అనగానే ఏడు రోజుల్లో నాలుగు దేశాలు చుట్టేయాలనిపిస్తుంది. విమానం టికెట్లకే అంత పోస్తున్నాం, పక్కనే ఉన్న ప్రాగ్, బుడాపెస్ట్ కూడా చూసేస్తే సరిపోతుంది కదా అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ పని చేయకండి. ఊరు మారిన ప్రతిసారీ సామాన్లు సర్దుకోవడం, గది ఖాళీ చేయడం, రైలు ఎక్కడం, కొత్త గది తాళం కోసం కాచుకుని కూర్చోవడం... ఒక పూట అందులోనే పోతుంది. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో దిగండి. పొద్దున ఒక పెద్ద చోటు, సాయంత్రం ఒక చిన్న చోటు చాలు. ఇలా తిరగడానికి ఆస్ట్రియా రాజధాని వియన్నా చాలా అనువైన ఊరు. మెట్రో, ట్రామ్ ఊరంతా అందుతాయి. ప్రభుత్వ జాతీయ మ్యూజియాల్లో 19 ఏళ్ల లోపు వాళ్లకు టికెట్ లేదు. కుళాయిలో వచ్చేది ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు, నేరుగా తాగొచ్చు.

ఎప్పుడు వెళ్లాలి

మన పిల్లలకు సెలవులుండే మే నెల బాగుంటుంది. పగలు 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. పొద్దున చలికి పల్చటి జాకెట్టు, వానకు గొడుగు తీసుకెళ్లాలి. జులై, ఆగస్టుల్లో ఒక్కోసారి 35 డిగ్రీలు దాటుతుంది. అక్కడి ఇళ్లలో చాలావాటికి ఏసీ ఉండదు కాబట్టి ఆ నెలల్లో వెళ్తే ఏసీ ఉందో లేదో చూసి మరీ బుక్ చేయాలి.

మే, జూన్‌లలో ఒక చిక్కుంది. మే 1తో పాటు ఈస్టర్‌ను బట్టి వచ్చే మూడు సెలవులు (రెండు గురువారాలు, ఒక సోమవారం) ఎక్కువగా ఈ రెండు నెలల్లోనే పడతాయి. సెలవు రోజున, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారం సాయంత్రం ఆరుకే షట్టర్ దించేస్తారు. శనివారం రాత్రి దిగిన కుటుంబానికి సోమవారం పొద్దుటి దాకా పాల ప్యాకెట్ దొరకడం కూడా కష్టం. హాప్ట్‌బాన్‌హోఫ్, ప్రాటర్‌స్టర్న్ లాంటి పెద్ద స్టేషన్లలోని దుకాణాలే ఆదివారం తీసి ఉంటాయి, వాటిలో జనం కిటకిటలాడుతుంటారు. మంగళవారానికీ గురువారానికీ మధ్య దిగేలా టికెట్లు చూసుకోండి.

వీసా

ఆస్ట్రియాతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 15 రోజుల ముందు దాటితే కుదరదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, 45 రోజుల దాకా సాగొచ్చు. వేసవికి స్లాట్లు త్వరగా నిండిపోతాయి, మే ప్రయాణానికి జనవరిలోనే కదలాలి. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. సర్వీస్ చార్జీ దీనికి అదనం. 12 ఏళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వీసా చేతికొచ్చే వరకు రద్దు చేసుకునే వీలున్న బుకింగులే చేయండి.

తెలుగువాళ్లకు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది పేర్లు. బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు పొడి అక్షరాలతో ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. తల్లి పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. చూసే అధికారికి ఇవి ఇద్దరు వేరు వేరు మనుషుల పేర్లు. స్లాట్ బుక్ చేసే ముందే కాగితాలన్నీ బల్ల మీద పరిచి పేర్లు సరిచూడండి. దిద్దించుకునే టైం లేకపోతే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. విమానం టికెట్ మీద, ఇన్సూరెన్స్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవాళ్ల నోటరీ అంగీకార పత్రం తప్పనిసరి.

హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ వియన్నాలోనే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. పిల్లలతో ఆ క్యూకి గంట సరిపోదు, రెండు విమానాల మధ్య కనీసం రెండున్నర గంటలు ఉండేలా చూసుకోండి.

ఇల్లు

నలుగురికి హోటల్లో రెండు గదులు తీసుకునే బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు. చిరునామాలోని పిన్‌కోడ్ చూస్తే పేట తెలిసిపోతుంది. 1020లో మధ్య రెండంకెలు 02, అంటే రెండో పేట. 1030 మూడోది, 1070 ఏడోది. ఈ మూడూ కుటుంబాలకు బాగుంటాయి. మెట్రో స్టేషన్‌కి ఐదారు నిమిషాల నడక దాటకూడదు.

పాత భవనాల్లో అంతస్తుల లెక్క వేరు. నేల అంతస్తు పైన ‘హోఖ్‌పార్టెర్’, ‘మెజ్జానిన్’ అని రెండు ఉండొచ్చు, ఆ తర్వాతే ఒకటో అంతస్తు మొదలవుతుంది. ‘రెండో అంతస్తే కదా’ అనుకుని లిఫ్ట్ లేని ఇల్లు తీసుకుంటే, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ రోజుకు రెండుసార్లు నాలుగంతస్తుల మెట్లెక్కాలి. లిఫ్ట్ ఉందా, అది ఇంటి గుమ్మం దాకా వస్తుందా అని రాసి అడగండి. టాయిలెట్లో చేతి షవర్ ఉండదు, ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో పడేయండి. మన రెండు పుల్లల సన్న చార్జర్లు అక్కడి సాకెట్లో పడతాయి. కుక్కర్‌కుండే మూడు పుల్లల ప్లగ్ పట్టదు, అడాప్టర్ కావాలి.

ఏం మోసుకెళ్లొచ్చు, ఏం కూడదు

పాలతో చేసినవి, మాంసంతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా కుదరవు. కందిపొడి పావుకిలో, ఆవకాయ అరకిలో, పులిహోర పేస్టు రెండు ప్యాకెట్లు నలుగురికి వారానికి చాలు. పచ్చళ్లు గట్టిగా సీల్ చేసి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతిసంచీలో పెడితే ద్రవపదార్థం కింద తీసేస్తారు. రాత్రి ఒక్కపూట అన్నం వండుకుంటే పూటకు 350 గ్రాముల లెక్కన రెండున్నర కిలోల బియ్యం అవుతుంది. మొదటి రెండు రోజులకు ఒక కిలో పట్టుకెళ్లి మిగతాది అక్కడ కొనండి. నాష్‌మార్క్‌ట్ సంత చుట్టుపక్కల ఆసియా సరుకుల దుకాణాల్లో పప్పులూ దొరుకుతాయి. పెరుగు కోసం ‘నాటూర్‌యోగుర్ట్’ అని ఉన్న డబ్బా తీసుకోండి, 3.6 శాతం కొవ్వు ఉన్నదైతే పెరుగన్నానికి చక్కగా కుదురుతుంది. ‘వనిల్లె’ అని ఉంటే అది తీపిది.

బయట తినేటప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి: ‘రిండ్’ ఆవు, ‘కాల్బ్’ దూడ, ‘ష్వైన్’ పంది, ‘హూన్’ కోడి. ఊరికి పేరు తెచ్చిన వీనర్ ష్నిట్సెల్ దూడమాంసం. గులాష్ మామూలుగా గొడ్డుమాంసమే. పైకి శాకాహారంలా కనిపించే ఫ్రిట్టాటెన్ సూప్ కూడా గొడ్డుమాంసపు రసంతోనే కాస్తారు. ‘ష్పెక్’ అంటే పందిమాంసం. చీజ్‌తో చేసే కేజెష్పెట్స్‌లెలో, తీపి కైజర్‌ష్మారెన్‌లో మాంసం ఉండదు కానీ గుడ్డు ఉంటుంది.

తిరగడం

విమానాశ్రయం నుంచి ఎస్7 లోకల్ రైలు వీన్ మిట్టె స్టేషన్‌కి దాదాపు 25 నిమిషాల్లో చేరుస్తుంది. క్యాట్ అనే ప్రత్యేక రైలు 16 నిమిషాల్లో వెళ్తుంది, చార్జీ మాత్రం చాలా ఎక్కువ. ఆ తొమ్మిది నిమిషాల కోసం నలుగురికి అంత పెట్టక్కర్లేదు. విమానాశ్రయం ఊరి టికెట్ జోన్‌కి బయట ఉంది, ఊళ్లో మెట్రో, ట్రామ్‌లకు తీసుకునే పాస్ ఒక్కటే చాలదు.

మెట్రో స్టేషన్లలో గేట్లు లేవు, అక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. కాగితం టికెట్ కొంటే సరిపోదు. ప్లాట్‌ఫామ్‌కి వెళ్లే దారిలో ఉండే చిన్న నీలం పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి. లోపల చిన్న చప్పుడై తేదీ, టైం పడతాయి. ముద్ర లేని టికెట్, టికెట్ లేనట్టే లెక్క. మామూలు బట్టల్లో తిరిగే తనిఖీవాళ్లకు దొరికితే మనిషికి 100 యూరోల పైనే జరిమానా. ఆరేళ్ల లోపు పిల్లలకు ఎప్పుడూ టికెట్ లేదు. 15 ఏళ్ల లోపు వాళ్లకు ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు, వియన్నా బడి సెలవుల్లో ఉచితం. వయసు చూపించడానికి పాస్‌పోర్టు కాపీ దగ్గరుండాలి.

ఏడు రోజులు

వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా. మొదటి రోజు రాత్రి ఎనిమిదికి పిల్లల ఒంటికి పదకొండున్నర అయినట్టుంటుంది. ఆ సాయంత్రం స్టెఫాన్స్‌డోమ్ చర్చి దాకా వెళ్లి, రింగ్ వీధిలో ట్రామ్ ఎక్కి కిటికీలోంచి చూస్తే చాలు. మర్నాడు అందరూ తెల్లవారుజామునే లేస్తారు. షోన్‌బ్రూన్ రాజప్రాసాదానికి తెరిచే టైంకే వెళ్లడానికి ఆ రోజే మంచిది. ప్రాసాదానికి టైం వేసిన టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి, తోటలో తిరగడానికి టికెట్ లేదు. అదే ఆవరణలో 1752లో మొదలైన జూ ఉంది, నేటికీ నడుస్తున్న జూలలో ప్రపంచంలో అన్నిటికన్నా పాతది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే పిల్లలు మధ్యాహ్నానికే నీరసపడిపోతారు. జూకి వేరే రోజు ఇవ్వండి, యూ4 మెట్రోలో షోన్‌బ్రూన్ స్టేషన్ కాకుండా తర్వాతి హీట్సింగ్‌లో దిగండి, నడక తగ్గుతుంది.

మూడో రోజు నేచురల్ హిస్టరీ మ్యూజియం. మంగళవారం మూసి ఉంటుంది. డైనోసార్ల గది దగ్గర పిల్లలు ఆగిపోతారు. 1908లో దొరికిన ‘విల్లెన్‌డోర్ఫ్ వీనస్’ రాతిబొమ్మ ఎత్తు 11 సెంటీమీటర్లే, దాన్ని చూడటం మర్చిపోవద్దు. నాలుగో రోజు జూ. ఐదో రోజు రైల్లో గంట ప్రయాణంతో పక్క దేశం స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. స్లొవాకియా కూడా షెంగెన్ దేశమే, యూరోలే చెల్లుతాయి, పాస్‌పోర్టులు మాత్రం దగ్గరుంచుకోండి. ఆదివారం వచ్చిన రోజున ప్రాటర్ పార్కు పెట్టుకోండి. లోపలికి టికెట్ లేదు, ఏ ఆటకు ఆ ఆటకే కట్టాలి, కాబట్టి పిల్లలకు తలా నాలుగు ఆటలని ముందే చెప్పి తీసుకెళ్లండి. 1897 నాటి పెద్ద చక్రం ఎత్తు దాదాపు 65 మీటర్లు. చివరి రోజు హైలిగెన్‌ష్టాట్ నుంచి 38ఏ బస్సులో కాలెన్‌బెర్గ్ కొండెక్కితే వారమంతా తిరిగిన ఊరంతా కింద కనిపిస్తుంది.

డబ్బు, మందులు, తిరుగు ప్రయాణం

కార్డు గీసినప్పుడు, ఏటీఎంలో తీసినప్పుడు ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్ల రేటే పడుతుంది, అది ఎప్పుడూ మనకు నష్టమే. పబ్లిక్ టాయిలెట్ల కోసం 50 సెంట్ల నాణేలు జేబులో ఉండాలి. యాంటీబయాటిక్స్ అక్కడి డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు, రోజూ వాడే మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా తీసుకెళ్లండి. అంబులెన్స్ నంబరు 144. ఏ ఆపదకైనా 112 పనిచేస్తుంది.

ఒకే బిల్లు 75 యూరోలు దాటితే పన్ను వాపసు వస్తుంది. దుకాణంలోనే ఫారం అడిగి తీసుకోండి. ఆ వస్తువులు చెక్-ఇన్ పెట్టెలో ఉంటే, పెట్టె బెల్టు మీద వదిలే ముందే కస్టమ్స్ దగ్గర వాటిని చూపించి ఫారం మీద ఆమోదం తీసుకోవాలి. పెట్టె వెళ్లిపోయాక చూపించడానికి ఏమీ ఉండదు, డబ్బూ రాదు. అందుకే ఆ రోజు విమానాశ్రయానికి మూడున్నర గంటల ముందే చేరండి.