గుంట గట్టు మీద ఫుటీ: ఆటని చదవడం ఎట్టా

మాది విడవలూరు పక్కన పల్లె. రెండు రొయ్యల గుంటలు, మధ్యలో గట్టు, గట్టు మీద షెడ్డు, షెడ్డులో ఒక మంచం. ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్‌ని నేను నేర్చుకుంది ఆ మంచం మీదే. మా అమ్మాయి 2022లో చదువుకని జీలాంగ్ పోయింది. పోయిన ఏడే ఆ ఊరి టీమ్ ఫైనల్లో సిడ్నీని 81 పాయింట్ల తేడాతో కొట్టింది. వీడియో కాల్‌లో "నాన్నా, చూడు, ఊరంతా రోడ్డు మీదే ఉంది" అని చూపిస్తా ఉంటే నాకు మన తిరణాలే గుర్తొచ్చింది. అప్పటి నుంచి నేనూ జీలాంగ్ మనిషినే.

ఇప్పుడు మన వైపు పిల్లలు చాలామంది ఆ పక్కకి పోతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడుగుతుంటారు, "అన్నా, ఆ తోపులాటలో నీకేం అర్థమవుతుంది?" అని. వాళ్ల కోసం రాస్తున్నా. వాళ్లంతా దాన్ని ఫుటీ అంటారు, నేనూ అదే అంటా.

ముందు ఎంత తెలిస్తే చాలో చెప్తా. ఒక్కో వైపు 18 మంది. గ్రౌండు క్రికెట్ గ్రౌండే, కోడిగుడ్డు ఆకారం. క్రికెటర్లు చలికాలంలో ఒళ్లు పాడుచేసుకోకుండా ఉండాలని మెల్‌బోర్న్‌లో 1858, 59ల్లో మొదలెట్టిన ఆట ఇది. ఆఫ్‌సైడ్ లేదు. బంతిని తన్నొచ్చు, లేదా ఒక చేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది అందించొచ్చు. విసరకూడదు. బంతితో 15 మీటర్లు దాటి పరిగెత్తాలంటే మధ్యలో ఒకసారి నేలకి తాకించాలి. కనీసం 15 మీటర్లు తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే ‘మార్క్’. పట్టినోడిని ఇక ఎవరూ ముట్టుకోకూడదు, నింపాదిగా తన్నుకోవచ్చు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండు పొడుగు స్తంభాల మధ్య తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్కనున్న పొట్టి స్తంభం వైపు సందులో పోతే ‘బిహైండ్’, 1 పాయింటు. 20 నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఆగిన టైమ్ కూడా కలుపుతారు కాబట్టి ఒక్కోటి అరగంట పడుతుంది. ఇంతే. మిగతా రూళ్లు చూస్తా చూస్తా వస్తాయి, అంపైర్ల మీద కోపం కూడా.

చదవడం స్కోరుతో మొదలెట్టండి. అక్కడ 12.18 (90) అని రాస్తారు. 12 గోల్స్, 18 బిహైండ్లు, మొత్తం 90. అందరూ బ్రాకెట్లో అంకె చూసి వదిలేస్తారు. నేను బ్రాకెట్‌కి ముందున్న రెండంకెల్నీ కలుపుతా. 30 వచ్చింది. అంటే దగ్గర దగ్గర ముప్పైసార్లు గోల్ ముందుకి పోగలిగారన్నమాట. ఈ 12.18 నేను ఊరికే వేసింది కాదు, 2023 ఫైనల్లో కాలింగ్‌వుడ్ స్కోరు. బ్రిస్బేన్‌ది 13.8 (86). గోల్స్ ఎక్కువ కొట్టింది బ్రిస్బేన్, కప్పు ఎత్తుకుపోయింది కాలింగ్‌వుడ్. 30కి 21. నాలుగు పాయింట్ల తేడా చూసి అదృష్టం అనుకునేవాళ్లకి ఈ కూడిక చూపిస్తా.

అట్టాగని ఈ కూడికని గుడ్డిగా నమ్మినా దెబ్బే. 2008లో జీలాంగ్, ఫైనల్స్‌కి ముందు జరిగే లీగ్ మ్యాచ్‌లు మొత్తంలో ఒక్కటే ఓడి ఫైనల్‌కి పోయింది. అక్కడ 11.23 (89) కొట్టి, 18.7 (115) కొట్టిన హాథార్న్ చేతిలో ఓడింది. కూడి చూస్తే 34కి 25, గెలిచింది మాత్రం 25. తన్నడం రాక కొన్ని పోయాయి, నిజమే. కానీ ఆ 23 బిహైండ్లలో 11 హాథార్న్ వాళ్లు తమంతట తాము గీత దాటించినవి! ఒక్క పాయింటు ఎదుటోళ్ల మొహాన కొట్టేస్తే బంతి మళ్లీ తమకే వస్తుంది, గోల్ ముందు నుంచి తీరిగ్గా తన్నుకోవచ్చు. పక్క గుంటలో వైట్ స్పాట్ జబ్బు అని తెలిస్తే మనం 100 కౌంట్‌కే, అంటే కిలోకి నూరు తూగే చిన్న రొయ్యలప్పుడే, పట్టుబడి చేసి ఉన్నకాడికి దక్కించుకోమా, అట్టాంటి లెక్క. మరుసటి ఏడు 2009లో రూలు మార్చారు. మీదికి ఎవరూ రాకుండానే కావాలని దాటిస్తే ఇప్పుడు ఎదుటోళ్లకి ఫ్రీ కిక్ ఇస్తారు.

ఇక అసలు సంగతి. బంతిని చూడొద్దు.

నేను మొదటి సీజన్ అంతా బంతినే చూశా. అర్థమయింది సున్నా. 36 మందిలో బంతి దగ్గరుండేది నలుగురైదుగురు. మిగతా ముప్పై మంది యాడ నిలబడ్డారనేదే ఎత్తుగడ. గుంటలో కూడా రొయ్య కనపడదు కదా. మేత చల్లిన రెండు గంటలకి చెక్ ట్రే లేపి, మేత ఎంత మిగిలింది, ఎక్కిన రొయ్యల పేగు నిండిందా లేదా చూసి నీళ్ల కింద కథ చెప్తాం. ఫుటీలో చెక్ ట్రే ఏందంటే, ఎవరైనా మార్క్ పట్టి తన్నడానికి వెనక్కి నాలుగడుగులు వేసే క్షణం. బంతి ఆగుతుంది, కెమెరా కొంచెం దూరం జరుగుతుంది. ఆ ఐదారు సెకన్లలో బంతికి ముందున్న జాగా చూడండి. పట్టినోడి మనుషులు ఖాళీ వైపు పరిగెత్తుతున్నారా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారా? ఎదుటోళ్లు మనిషికి మనిషిని పట్టుకున్నారా, వల పరిచినట్టు జాగాని పంచుకుని నిలబడ్డారా? అందరికంటే వెనక, గోల్ దగ్గర, ఎవరినీ పట్టుకోని మనిషి ఒకడు మిగిలున్నాడా? ఆ మిగులు మనిషి ఉంటే పొడుగ్గా తన్నిన బంతి వాడి చేతుల్లోనే పడుతుంది. జీలాంగ్ పొడుగ్గా తన్నబోతోంది, అక్కడ వాడున్నాడు అని నాకు ముందే కనపడ్డ రోజు, మంచం మీద నుంచి లేచి "వద్దురా!" అని అరిచా. గుంట కాపలా కుర్రాడు గట్టు మీద పామొచ్చిందేమో అని కర్ర తీసుకొచ్చాడు.

కొన్ని టీములు ఆ ఐదు సెకన్లు కూడా తీసుకోవు, పట్టీపట్టగానే పరిగెత్తుతాయి. 2021 నుంచి మార్క్ పట్టినోడి ఎదురుగా నిలబడ్డ మనిషి పక్కకి కదలకూడదని రూలు పెట్టారు. దాంతో కోణం మార్చి తన్నడం సులువైంది, తొందరపడేవాళ్లకి కలిసొచ్చింది.

నిలబడే తీరుని బట్టి నాకు మూడు రకాల టీములు కనపడతాయి. పండితులు పది చెప్తారు, మనకి మూడు చాలు.

ఒకటి, వల వేసేవాళ్లు. 2008 హాథార్న్ అట్టాంటిదే. కోచ్ అలస్టెయిర్ క్లార్క్‌సన్ తన మనుషుల్ని ఎదుటి ఆటగాళ్ల వెంట పడకుండా, జాగాని కాపు కాసుకుంటా గుంపుగా జరిగేటట్టు పెట్టాడు. కబడ్డీలో రెయిడర్ని లోపలికి రానిచ్చి గొలుసు మూసేస్తాం చూడండి, అదే. 2010లో కాలింగ్‌వుడ్ ఆ వలని ఇంకా పైకి, ఎదుటోళ్ల గోల్ వైపుకి తోసింది. బంతి బయటికి రానే రాదు. ఇందులో చిల్లు ఒకటే. ఒక్క తన్నుకి వల మీద నుంచి బంతి దాటిందంటే వెనక ఎవరూ ఉండరు.

రెండు, రిచ్‌మండ్ 2017 మాదిరి. 37 ఏళ్లుగా కప్పు లేని ఊరు అది. గోల్ ముందు ఎత్తు మనుషుల్ని తగ్గించి, పొట్టిగా, చురుగ్గా ఉండే కుర్రాళ్లని పెట్టారు. బంతి దొరికితే అందంగా అందించాలని చూడరు. ముందుకి తోస్తారు, గుద్దుతారు, పోయిన కాడ మీద పడి పట్టుకుంటారు. చూడ్డానికి కోళ్లగూట్లో పిల్లి దూరినట్టుంటుంది. అందులోనే పద్ధతి ఉంది. అట్టా 2017, 2019, 2020ల్లో మూడు కప్పులు కొట్టారు.

మూడు, బంతిని దాచుకునేవాళ్లు. చిన్న తన్ను, మార్క్, చిన్న తన్ను, మార్క్. ఈ మధ్య బ్రిస్బేన్ ఇట్టానే విసిగిస్తుంది. కోచ్ క్రిస్ ఫేగన్ ఈ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడినోడు కాదు. 2024లో, 2025లో వరసగా కప్పు కొట్టించాడు. రకం తేల్చుకోవాలంటే మ్యాచ్ అయ్యాక రెండంకెలు చూడండి. మార్కులు ఎక్కువ, ట్యాకిల్స్ (బంతి ఉన్నోడిని పట్టి ఆపడం) తక్కువ అయితే మూడో రకం. తిరగబడితే రెండో రకం.

బంతి పోయే దారి కూడా గమనించాలి. గ్రౌండు నడిమధ్యన ఉన్న దారిని కారిడార్ అంటారు. కావలి నుంచి నెల్లూరుకి హైవే మీద పోయినట్టు అది తొందరగా చేరుస్తుంది. కానీ అక్కడ బంతి పోతే మనవాళ్లంతా ముందుకి పరిగెత్తి ఉంటారు, వెనక గోల్ ఖాళీ. ఈ ఆటలో స్కోరు ఎక్కువగా వచ్చేది అట్టా లాక్కున్న బంతుల నుంచే. గీత పక్కగా పోతే ఆలస్యం. కానీ పోగొట్టుకున్నా బంతి బయటికి పోతుంది, అందరూ సర్దుకోవచ్చు. గెలుస్తున్న టీమ్ ఒక్కసారిగా కారిడార్ వదిలి గీత పక్కకి మళ్లిందంటే భయం మొదలైందని అర్థం. ఈ ఒక్క గుర్తుతో నేను మా బామ్మర్ది దగ్గర చాలా పేరు సంపాదించా.

గోల్ పడ్డాక మాత్రం బంతి మళ్లీ గ్రౌండు మధ్యకి వస్తుంది. 2019 నుంచి ఆ సమయంలో ముందు ఆరుగురు, మధ్యన ఆరుగురు, వెనక ఆరుగురు ఉండి తీరాలి. వల పరిచే వీల్లేదు. అందుకే ఒక గోల్ వెనకే ఇంకోటి, ఇంకోటి అని వరసగా పడతాయి. రక్‌మన్ అనే పొడుగాయన ఎగిరి బంతిని తన మనిషికి కొడతాడు. ఆ మనిషి శుభ్రంగా బయటికి తీసుకుపోతే క్లియరెన్స్. మూడు గోల్స్ వరసగా పడుతుంటే గోల్ కొట్టినోడిని వదిలి ఈ మధ్యలో ఏం జరుగుతోందో చూడండి.

ఇప్పుడు ఫామ్. ఇక్కడ నేను రెండు కిలోల కొరమీను పోగొట్టుకున్నా. ఒక టీమ్ వరసగా ఐదు మ్యాచ్‌లు గెలిచింది కదా అని బామ్మర్దితో పందెం కాశా. చిత్తుగా ఓడింది. "బావా, ఆ ఐదూ యాడ ఆడారో చూశావా?" అన్నాడు కూర గిన్నె దగ్గరికి లాక్కుంటా. నాలుగు సొంత గ్రౌండులోనే, అవీ పట్టికలో అడుగున ఉన్నోళ్ల మీద.

గ్రౌండులన్నీ ఒక్క కొలత కాదు. జీలాంగ్‌ది సుమారు 170 మీటర్ల పొడవు, 115 వెడల్పు, సన్నగా ఉంటుంది. మెల్‌బోర్న్ ఎంసీజీ వెడల్పు దగ్గర దగ్గర 140. సన్న గ్రౌండులో వల పరచడం సులువు, వెడల్పు దాంట్లో అదే వలకి చిల్లులు పడతాయి. పైగా పెర్త్ టీములు రెండూ ఏడాది పొడుగునా దేశం ఈ కొస నుంచి ఆ కొసకి విమానాల్లో తిరగాల్సిందే. అలసటకి కూడా లెక్కుంది. ఒక మ్యాచ్‌లో 75 సార్లకి మించి మనుషుల్ని మార్చకూడదు. అందుకే చివరి క్వార్టర్లో ఎవరు పరిగెత్తుతున్నారో చూస్తే, వచ్చే వారం మ్యాచ్ సగం చూసినట్టే.

పట్టికలో గెలుపుకి 4 పాయింట్లు. రెండు టీములకి ఆ పాయింట్లు సమానమైతే ‘పర్సంటేజ్’ చూస్తారు. కొట్టిన పాయింట్లని ఇచ్చిన పాయింట్లతో భాగించి నూరుతో హెచ్చవేస్తే వచ్చేదే అది. 2,000 కొట్టి 1,600 ఇస్తే 125. గెలుపులు ఎక్కువుండి పర్సంటేజ్ నూరు చుట్టూనే తచ్చాడుతుంటే ఆ టీమ్ చిన్న తేడాలతో గట్టెక్కుతోందని అర్థం. నేను పందెం కాయను.

గాలి సంగతి మన కోస్తా వాళ్లకి చెప్పక్కర్లేదు. క్వార్టర్ క్వార్టర్‌కీ చివరలు మారతారు. మొదటి క్వార్టర్ స్కోరు చూసి ఎవరైనా తీర్పు చెప్తుంటే, గాలి ఎటుంది అని అడగండి చాలు.

ఇన్ని చెప్పినా నేను 2025 ఫైనల్లో తప్పా. జీలాంగ్ గెలుస్తుందని ఊళ్లో చెప్పుకుని తిరిగా. బ్రిస్బేన్ 18.14 (122), జీలాంగ్ 11.9 (75). కూడి చూడండి, 32కి 20. గోల్స్ కొట్టే జెరెమీ క్యామెరాన్ మన టీమ్ మనిషినే గుద్దుకుని చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దాన్నే సాకుగా చెప్దామనుకున్నా. బామ్మర్ది ఒప్పుకోలేదు. మళ్లీ చూశాక నేనూ ఒప్పుకోలేదు. మార్క్ పట్టిన ప్రతిసారీ బ్రిస్బేన్ మనుషులు పరిగెత్తుతున్నారు, మావాళ్లు నిలబడి ఉన్నారు. చెక్ ట్రే నా కళ్ల ముందే ఉంది, నేను బంతిని చూస్తా కూర్చున్నా.

చూసే వేళలు: ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, అంతకుముందు ఐదున్నర. వాళ్ల శుక్రవారం రాత్రి మ్యాచ్ మనకి మధ్యాహ్నం మూడు దాటాక. సెప్టెంబర్ చివరి శనివారం ఫైనల్ మధ్యాహ్నం రెండున్నరకి పెడితే మనకి సరిగ్గా పదిగంటలు, అది మేత వేళ. అందుకని ఆ రోజు పదింటి మేత తొమ్మిదిన్నరకే చల్లేస్తా. ట్రే లేపాల్సిన టైమ్‌కి అక్కడ హాఫ్ టైమ్ పడుతుంది.