బైనామియల్ సమ్స్: ఎప్పుడు డిఫరెన్షియేట్ చేయాలి, ఎప్పుడు ఇంటిగ్రేట్ చేయాలి

సి₁ + 2సి₂ + 3సి₃ + ... అని (ఈ సి లు (1+ఎక్స్)ⁿ విస్తరణలో ఎక్స్ పవర్ల పక్కన వచ్చే గుణకాలు) లెక్క కనపడగానే చాలామంది ఏ ఫార్ములానో గుర్తు తెచ్చుకోడానికి తంటాలు పడతారు, అన్నీ బట్టీ కొట్టి తీరా పరీక్ష హాల్లో కూర్చున్నాక ఒకదాంట్లో ఒకటి కలిపేసుకుంటారు. అంత అవసరమే లేదండి, ఆ ఒక్క విస్తరణ రాయగలిగితే మిగతాది కాలిక్యులస్ చూసుకుంటుంది.

ఎన్ = 5 పెట్టుకుని చెప్తా, చేత్తో కూడి చూసుకోవచ్చు.

(1+ఎక్స్)⁵ = 1 + 5ఎక్స్ + 10ఎక్స్² + 10ఎక్స్³ + 5ఎక్స్⁴ + ఎక్స్⁵

ఈ 1, 5, 10, 10, 5, 1 లే సి₀ నుంచి సి₅ దాకా. ఇప్పుడు లెక్కలో సి పక్కన ఏ నంబర్ ఉందో చూడండి, ఎందుకంటే మొత్తం క్లూ అక్కడే ఉంటుంది. నంబర్‌తో గుణిస్తే డిఫరెన్షియేట్ చేయాలి, పవర్ ముందుకొచ్చి గుణకారం అవుతుంది కాబట్టి. నంబర్‌తో భాగిస్తే ఇంటిగ్రేట్ చేయాలి.

మొదటిది సి₁ + 2సి₂ + ... + 5సి₅. రెండు వైపులా డిఫరెన్షియేట్ చేస్తే ఎడమ పక్క 5(1+ఎక్స్)⁴, అందులో ఎక్స్ = 1 పెడితే 5×16 = 80. కూడి చూడండి, 5+20+30+20+5, కరెక్ట్‌గా 80.

స్క్వేర్లు వస్తే, అంటే 1²సి₁ + 2²సి₂ + ... వస్తే, ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. వరసగా రెండుసార్లు డిఫరెన్షియేట్ చేసేస్తారు, అప్పుడు సి₃ పక్కన 3×3 కాదు 3×2 వస్తుంది, ఎందుకంటే మొదటిసారికే పవర్ ఒకటి తగ్గిపోయింది కదా. అలా చేస్తే 160 వస్తుంది, అది తప్పు. ఒకసారి డిఫరెన్షియేట్ చేశాక ఎక్స్‌తో గుణించి ఆ తగ్గిన పవర్‌ని వెనక్కి తెచ్చుకుని, అప్పుడు రెండోసారి చేయండి: 5(1+ఎక్స్)⁴ + 20ఎక్స్(1+ఎక్స్)³, ఎక్స్ = 1 దగ్గర 80+160 = 240. ఇదే ఆన్సర్. సిరీస్‌ని రివర్స్‌లో రాసి కూడే పద్ధతి మొదటి లెక్కకి బాగానే పనికొస్తుంది గానీ ఈ స్క్వేర్ల దగ్గర ఆగిపోతుంది, అందుకే నాకు కాలిక్యులస్ దారే ఇష్టం.

సి₀ + 3సి₁ + 5సి₂ + ... అని బేసి సంఖ్యలు వస్తే? పవర్లు 1, 3, 5 అవ్వాలి, కాబట్టి ఎక్స్ బదులు ఎక్స్² పెట్టి, మొత్తాన్ని ఎక్స్‌తో గుణించి, అప్పుడు డిఫరెన్షియేట్ చేసి 1 పెట్టండి. 192 వస్తుంది.

ఇక భాగహారం: సి₀ + సి₁/2 + సి₂/3 + ... + సి₅/6. ఇంటిగ్రేట్ చేస్తే (1+ఎక్స్)⁶/6, అందులో ఎక్స్ = 1 పెట్టి 64/6 అని రాసేసి వచ్చిన రోజు నాకింకా గుర్తుంది, ఆప్షన్లలో కూడా అదే ఉంది మరి, డౌటే రాలేదు. కాన్‌స్టంట్ మర్చిపోయా. అందుకే ఇప్పుడు కాన్‌స్టంట్ గొడవే లేకుండా నేరుగా 0 నుంచి 1 దాకా లిమిట్స్ పెట్టేస్తా, (64−1)/6 = 10.5, అయిపోయింది.

అదే సిరీస్‌లో ప్లస్, మైనస్ మార్చి మార్చి వస్తే లిమిట్స్ −1 నుంచి 0, ఆన్సర్ 1/6. 2సి₀ + 2²సి₁/2 + 2³సి₂/3 + ... అని 2 పవర్లు కనపడితే 0 నుంచి 2, అప్పుడు (729−1)/6, అంటే 364/3. ఇది మాత్రం ఒక్కసారి పెన్ను పట్టుకుని ఆరు టర్మ్‌లూ కూడి చూడండి.