తులిప్ తోటలు చూడ్డానికి నెదర్లాండ్స్ వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మన దగ్గర పిల్లలకు వేసవి సెలవులు మొదలయ్యేది ఏప్రిల్ చివర్లో. అందుకే చాలామంది మే నెలకు ఫ్లైట్ టికెట్లు బుక్ చేసుకుంటారు. తులిప్‌ల కోసమే వెళ్లేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. లిస్సే ఊళ్లో ఉన్న క్యూకెన్‌హాఫ్ తోట ఏడాది మొత్తంలో తెరిచి ఉండేది సుమారు 8 వారాలే, మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా. ఆ తోటలో ముందు పూసే దుంపలు, ఆలస్యంగా పూసేవి ఒకే మడిలో పొరలు పొరలుగా నాటుతారు కాబట్టి చివరి రోజుల్లో వెళ్లినా పూలు కనిపిస్తాయి. బయటి పొలాలు అలా కాదు. అవి నిండుగా ఉండేది ఎక్కువగా ఏప్రిల్ రెండో సగంలో. పరీక్షలు అయిన మర్నాడే బయల్దేరేలా ప్లాన్ చేసుకోండి. నెదర్లాండ్స్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, చివరి నిమిషం దాకా ఆగి టెన్షన్ పడొద్దు. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య ఖర్చులకు వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

పొలాల గురించి ఒక మాట తెలిసి ఉండాలి. అక్కడి రైతుకు పంట పువ్వు కాదు, మట్టిలో ఉన్న దుంప. పూలు విచ్చుకున్నాక రోగం పట్టిన మొక్కల్ని ఏరేసి, బలమంతా దుంపకు చేరాలని మెషీన్‌తో పూల తలలు కోసేస్తారు. నిన్నటిదాకా ఎర్రగా ఉన్న మడి ఇవాళ వట్టి ఆకులతో ఉంటుంది, రేకులు సాళ్ల మధ్య రాలి పడి ఉంటాయి.

అందుకే గట్టిగా చెప్తున్నా, ఫొటో కోసం పొలంలోకి దిగకండి. మనం సాగు చేస్తున్న మిరప తోటలోకి ముక్కూమొహం తెలియనివాళ్లు దిగి సెల్ఫీలు తీసుకుంటుంటే ఊరుకుంటామా? కాడలు ఇట్టే విరుగుతాయి. బూట్లకు అంటిన మట్టితో ఒక పొలం తెగులు ఇంకో పొలానికి పాకుతుంది. పైగా మందు కొట్టిన పొలాలవి, పసిపిల్లల్ని పూల మధ్య కూర్చోబెట్టే చోటు కాదు. చాలా పొలాల చుట్టూ నీటి కాలువలుంటాయి. గట్టు మీద గడ్డి ఒత్తుగా పెరిగి అంచు ఎక్కడో తెలియదు. ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం అంటూ ఫొటోకు నిలబెట్టే ముందు వెనకేముందో చూడండి, పిల్లల చెయ్యి వదలకండి. పట్టుచీరలో ఫొటో దిగాలని ఉంటే టికెట్ తీసుకుని పూల మధ్యకు రానిచ్చే తోటలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడ రైతే దారి చూపిస్తాడు, తీరిగ్గా దిగొచ్చు.

క్యూకెన్‌హాఫ్ టికెట్ తోట సొంత వెబ్‌సైట్‌లోనే, టైమ్ స్లాట్‌తో ముందే కొనండి. మార్చి ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, ఆ రోజు స్లాట్ ఉంటే గుర్తుపెట్టుకోండి. స్కిపోల్ ఎయిర్‌పోర్టు నుంచి, లైడెన్ నుంచి నేరుగా బస్సులున్నాయి. వారాంతాలు, ఈస్టర్ సెలవులు వదిలేసి మామూలు రోజు పొద్దున్నే వెళ్తే హాయిగా చూడొచ్చు. ఏప్రిల్‌లో ఒక శనివారం నోర్డ్‌వైక్ నుంచి హార్లెం దాకా పూల శకటాల ఊరేగింపు జరుగుతుంది. చూడాల్సిందే, కానీ ఆ రోజు రోడ్లు మూసేస్తారు. ఏప్రిల్ 27న రాజు పుట్టినరోజు పండగ (ఆ తేదీ ఆదివారమైతే ముందు రోజే), రైళ్లు కిక్కిరిసిపోతాయి.

చలి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఎండ కాస్తున్నా గాలి కోసేస్తుంది, అంతలోనే వాన, ఒక్కోసారి వడగళ్లు. ఆ గాలికి గొడుగు నిలవదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు, తడవని బూట్లు ఉండాలి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే లోపల స్వెటర్ వేయించండి. ఏప్రిల్‌లో బర్చ్ చెట్ల పుప్పొడి గాలిలో ఎక్కువ, ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి. అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి.

సైకిల్ తీసుకుంటే కుడివైపే నడపాలి. తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే జరిమానా. నడిచేవాళ్లు ఎర్ర రంగు దారిలో నిలబడకండి, అది సైకిళ్లది.

దుంపలు చూడ్డానికి చిన్న ఉల్లిపాయల్లా ఉంటాయి గానీ విషం, కూరలో వేయకూడదు. రసం తగిలితే కొందరికి చర్మం దురద పెడుతుంది. ఇండియాకు తేవాలంటే దిగుమతి పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ కావాలి, సూట్‌కేసులో దాచి తేవద్దు. అన్నీ సరిగ్గా చేసి తెచ్చినా, వారాల తరబడి ఫ్రిజ్ చల్లదనం తగలనిదే మన హైదరాబాద్, విజయవాడల్లో అవి పూయవు.