సిగరెట్ వదిలి వేప్‌కి మారాక కడుపు పాడైతే ఏం చేయాలి

సిగరెట్ బదులు, నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే వేప్‌కి మారిన మా బావమరిది ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "బావా, సిగరెట్ మానేసి ఆరు రోజులైంది, వేప్ మీద ఉన్నాను. కడుపంతా ఉబ్బరం. మోషన్ సరిగా లేదు. సాయంత్రం నుంచి ఒకటే తిప్పుతోంది. ఇది విత్‌డ్రాయలే కదా, నికోటిన్ చాలక వచ్చే బాధ? ఇంకాస్త పీలిస్తే సర్దుకుంటుందా?"

"ఆఖరిసారి ఎప్పుడు పీల్చావు?"

"ఇదిగో, ఇప్పుడే."

"అయితే దాన్ని వేరే గదిలో పెట్టి రా. మంచినీళ్లు తాగు. గంట తర్వాత మళ్లీ మాట్లాడదాం."

గంటకి తిప్పడం తగ్గింది. ఉబ్బరం మాత్రం అలాగే ఉంది. ఆ రెంటికీ కారణం ఒకటి కాదు. వాడు రెంటినీ ఒకే గాటన కట్టేసి, పెరిగేదాన్ని ఇంకా పెంచుకుంటున్నాడు. రెండేళ్ల కిందట నేనూ అదే చేశాను. ఆ పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. 17 ఏళ్లపాటు రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చాను. మొదటిసారి మారినప్పుడు భయంకొద్దీ మరీ తక్కువ స్ట్రెంగ్త్, మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న లిక్విడ్ తీసుకున్నాను. మూడో రోజుకి ఇంట్లో ఎవరితోనూ మామూలుగా మాట్లాడలేకపోయాను. నాలుగో రోజు సిగరెట్ ముట్టించాను. రెండోసారి 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ (గొంతు గీరని రకం లిక్విడ్) తీసుకుని, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోట్లోంచి తీయలేదు. వికారం, ఎక్కిళ్లు, చల్లటి చెమటలు. అదంతా విత్‌డ్రాయలే అనుకుని ఇంకా పీల్చాను. వారం తిరక్కుండానే మళ్లీ సిగరెట్. మూడోసారి మాత్రం ల్యాబ్‌లో చేసే పనే ఇంట్లోనూ చేశాను. శాంపిల్ మీద టైమ్ వేయకుండా మేం దేన్నీ పక్కన పెట్టం. అలాగే ప్రతి బాధకీ టైమ్ వేయడం మొదలుపెట్టాను.

ఒక మాట ముందే చెప్పాలి. వేప్ ప్రమాదం లేనిదని నేను అనను. సిగరెట్ అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోకూడదు. గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. కొన్ని దేశాల్లో వేప్ అమ్మకమే నిషేధం. మీరున్న చోట అదే పరిస్థితి అయితే నికోటిన్ ప్యాచ్, గమ్ ఉన్నాయి, డాక్టర్ రాసే మాత్రలున్నాయి. ఇక్కడ చెప్పే కడుపు సంగతులు చాలావరకు వాటికి మారినవాళ్లకీ వర్తిస్తాయి.

ముందు టైమ్ రాయండి

చిన్న పుస్తకం ఒకటి తీసుకోండి. బాధ మొదలైన టైమ్, ఆఖరి పఫ్ టైమ్, ఆఖరి కాఫీ లేదా టీ టైమ్, ఆఖరిసారి తిన్న టైమ్. ఈ నాలుగూ చాలు. మూడు రోజులు రాస్తే వరస తెలిసిపోతుంది.

పీల్చిన పావుగంటలోపే కడుపులో తిప్పితే నికోటిన్ ఎక్కువైనట్టు. పీల్చి రెండు గంటలు దాటాకో, పొద్దున లేవగానేనో మనసు అల్లాడిపోతే తక్కువైనట్టు. నికోటిన్ దాదాపు రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది, అందుకే ఆ రెండు గంటల లెక్క. కాఫీ తాగిన గంటలోపు దడ, మంట వస్తే అది మూడో కారణం. దాని గురించి కింద వివరంగా రాశాను.

తలనొప్పిని గుర్తుగా పెట్టుకోకండి. అది ఎక్కువైనా వస్తుంది, తక్కువైనా వస్తుంది. ఆకలి చూడండి. నికోటిన్ చాలకపోతే ఆకలి పెరుగుతుంది, ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది. ఎక్కువైతే అన్నం వాసనే పడదు, నోట్లో నీళ్లూరతాయి, తల తిరుగుతుంది. నా పుస్తకంలో ఈ తేడా మొదటి రెండు రోజుల్లోనే కనిపించింది.

ఎక్కువైనప్పుడు

సిగరెట్‌కి ఒక చివరుంటుంది. పది పదిహేను దమ్ముల్లో కాలిపోతుంది, పారేస్తాం. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. వేప్‌కి ఆ చివర లేదు. ఫోన్ చూస్తూ నలభై పఫ్‌లు తీసుకున్నా ఎవరూ ఆపరు. పైగా నికోటిన్ సాల్ట్‌లో ఆమ్లం కలుపుతారు కాబట్టి ఎంత స్ట్రెంగ్త్ ఉన్నా గొంతు గీరుకోదు. చాలించమని గొంతు చెప్పదు, చివరికి కడుపే చెప్పాల్సి వస్తుంది.

అందుకని చివర మనమే పెట్టుకోవాలి. నేను పది పఫ్‌లు లెక్కపెట్టి, దాన్ని డ్రాయర్‌లో పెట్టి, కనీసం నలభై నిమిషాలు ముట్టుకోలేదు. ఈ ఒక్క నియమంతోనే వికారం రెండు రోజుల్లో పోయింది. లేబుల్ మీద శాతం రాసి ఉంటే పదితో హెచ్చించండి. 2% అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు, 5% అంటే 50. యూరోపియన్ యూనియన్‌లో 20కి మించి అమ్మడానికి వీల్లేదు. 50 అంటే ఎంతో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

పీల్చినప్పుడు నికోటిన్ కొంత ఉమ్మిలో కలుస్తుంది. దాన్ని మింగితే ఎక్కిళ్లు, పొట్ట పైభాగంలో మంట వస్తాయి. నికోటిన్ గమ్ నమిలేవాళ్లకి ఇది మామూలే. కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగచుట్ట) పాతబడి లిక్విడ్ చుక్కలు నాలుకకి తగులుతుంటే ఆ బాధ ఇంకా ఎక్కువ. కాయిల్ మార్చండి, ట్యాంక్ అంచుదాకా నింపకండి, నోరు పుక్కిలించి ఉమ్మేయండి. అన్నవాహికకీ పొట్టకీ మధ్యనున్న కవాటాన్ని నికోటిన్ వదులు చేస్తుంది. అందుకే తిన్న వెంటనే పీల్చి నడుం వాల్చితే పుల్లటి తేన్పులు తప్పవు. పడుకునే ముందు గంటన్నర దానికి దూరంగా ఉండండి.

తక్కువైనప్పుడు

చిరాకు, అసహనం, పని మీద మనసు నిలవకపోవడం, నిద్ర చెదరడం, దిగులు. సిగరెట్ ఆపిన కొన్ని గంటల్లోనే మొదలై, రెండు మూడు రోజులకి బాగా ముదిరి, రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా తగ్గుతాయి. కొందరికి నోటిపూత వస్తుంది, దగ్గు పెరుగుతుంది. భయపడకండి. నాకు రెండో వారంలో నాలుక అంచున మూడు పుళ్లు వచ్చి వాటంతటవే మానాయి.

మరీ తక్కువ స్ట్రెంగ్త్‌తో మొదలుపెడితే ఇదంతా భరించలేక సిగరెట్ వైపు వెళ్లిపోతాం. నాకు 12 మిల్లీగ్రాములు సరిపోయింది. మీ లెక్క వేరే కావచ్చు. వేప్ పీలుస్తూనే రోజుకి నాలుగైదు సిగరెట్లు కాల్చడం మాత్రం దండగ. పొగ లోపలికి వెళ్తూనే ఉంటుంది కాబట్టి ఒంటికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పొగాకు పొగలో నికోటిన్ ఒక్కటే కాదు, మెదడులో మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని అణచే పదార్థాలు కూడా ఉంటాయి. వేప్ ఆవిరి ఆ పని చేయదు. అందుకే నికోటిన్ సరిపడా అందుతున్నా ఏదో వెలితి మిగులుతుంది. ఆ వెలితిని పఫ్‌లతో నింపాలని చూస్తే కడుపు పాడవడం తప్ప అది నిండదు. లేచి పది నిమిషాలు నడవండి. ఆ కోరిక అల సాధారణంగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది.

కాఫీ సంగతి

ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. మూడోసారి మారిన నాలుగో రోజు నుంచి గుండెదడ, చేతుల్లో సన్నటి వణుకు, ఛాతీలో మంట. రాత్రి రెండింటిదాకా నిద్ర లేదు. పఫ్‌ల లెక్క సరిగ్గానే ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే నా పుస్తకం తిరగేసి, "రోజుకి కాఫీ ఎన్నిసార్లు?" అని ఒక్కటే అడిగారు. ఆరుసార్లు అన్నాను. "సిగరెట్ తాగేటప్పుడు ఆరు తాగేవారు, సరే. ఇప్పుడు ఆ ఆరూ పన్నెండుతో సమానం" అన్నారు.

కారణం ఇదీ. పొగలో ఉండే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ని పెంచుతాయి. కెఫీన్‌ని ముఖ్యంగా కరిగించేది అదే. పొగ తాగినన్నాళ్లూ కెఫీన్ త్వరత్వరగా కరిగిపోతుంది. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఎంజైమ్ మామూలు స్థాయికి దిగుతుంది, అన్నే కప్పులు తాగినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. ఇందులో నికోటిన్ పాత్ర ఏమీ లేదు. కాబట్టి వేప్, ప్యాచ్, గమ్, ఏది వాడినా ఇది జరుగుతుంది. మనం మాత్రం దడనీ, మంటనీ, నిద్రలేమినీ చూసి విత్‌డ్రాయల్ అని టెన్షన్ పడి, ఇంకో కప్పు కాఫీ, ఇంకో పది పఫ్‌లు అంటాం.

మారిన రోజు నుంచే కప్పుల్ని సగానికి తెండి. టీ, ఎనర్జీ డ్రింక్‌లు, కోలాలు కూడా అదే లెక్క. పూర్తిగా ఒక్కసారే ఆపేస్తే కెఫీన్ అందక వచ్చే తలనొప్పి ఇంకొకటి మొదలవుతుంది, అది వద్దు. నేను మూడుకి తెచ్చి, చివరిది మధ్యాహ్నం రెండింటిలోపే తాగాను. ఐదు రోజుల్లో నిద్ర దారిలో పడింది.

ఇదే ఎంజైమ్ కొన్ని మందుల్నీ కరిగిస్తుంది. క్లోజపిన్, ఒలాంజపిన్, థియోఫిలిన్ వాడుతున్నవాళ్లు సిగరెట్ మానేముందే డాక్టర్‌కి చెప్పి తీరాలి. పాత డోసే వాడితే రక్తంలో మందు ఎక్కువైపోతుంది. వార్ఫరిన్, ఇన్సులిన్ వాడేవాళ్లు కూడా చెప్పాలి.

మలబద్ధకం, ఉబ్బరం

పెద్దపేగుని కదిలించే గుణం నికోటిన్‌కి ఉంది. ఏళ్ల తరబడి పొద్దున మొదటి సిగరెట్‌తోనే మోషన్ అయ్యే అలవాటున్నవాళ్లకి, అది లేకపోయేసరికి పేగు మందగిస్తుంది. వేప్‌లో నికోటిన్ ఉన్నా సిగరెట్ అంత వేగంగా, ఒక్కసారిగా రక్తంలోకి చేరకపోవచ్చు. దానికితోడు లిక్విడ్‌లో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ నోరూ గొంతూ ఆరబెడుతుంది. నీళ్లు దగ్గర పెట్టుకుని మాటిమాటికీ తాగుతుండండి.

పొద్దున ఏదైనా తిన్న ఇరవై నిమిషాలకి, మోషన్ వచ్చినా రాకపోయినా, రోజూ ఒకే టైమ్‌కి వెళ్లి కూర్చోండి. తిండి పొట్టలో పడగానే పెద్దపేగు కదలడం సహజం, పొద్దునపూట ఆ కదలిక ఇంకా బలంగా ఉంటుంది. సిగరెట్ చేసిన పనిని దానికి అప్పగించాలి. కాళ్ల కింద చిన్న పీట పెట్టుకుంటే మోకాళ్లు పైకి లేచి సులువవుతుంది. పది నిమిషాల్లో కాకపోతే లేచిపోండి, ముక్కకండి. మోషన్ కోసమని వేప్ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్లకండి. ఆ ముడి మళ్లీ పడితే విప్పడం కష్టం, నేను రెండు నెలలు అవస్థపడ్డాను.

కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు మెల్లగా పెంచండి. ఒక్కరోజులో రెట్టింపు చేస్తే ఉబ్బరమూ రెట్టింపవుతుంది. ఇసబ్‌గోల్ పొట్టు వేసుకుంటే నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి, వేరే మాత్రలకీ దానికీ కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. రోజుకో అరగంట నడక. అప్పటికీ వారం దాటితే ఫార్మసిస్ట్‌ని అడిగి లాక్టులోజ్ లాంటిది తీసుకోవచ్చు.

ఉబ్బరానికి గాలి మింగడం కూడా కారణం. గబగబా చిన్న పఫ్‌లు లాగేవాళ్లు గాలి చాలా మింగుతారు. మెల్లగా లాగండి. మా బావమరిదికి మాత్రం అది కాదు. సిగరెట్ గుర్తొచ్చినప్పుడల్లా చక్కెర లేని మింట్ బిళ్ల నోట్లో వేసుకుంటున్నాడు. ఎన్ని అని అడిగితే రోజుకి పాతిక దాకా అన్నాడు. వాటిలో తీపి కోసం వేసే సార్బిటాల్ పేగులో పూర్తిగా ఒంటికి పట్టదు, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. బిళ్లలు ఆపాక మూడో రోజుకి పొట్ట తేలికపడిందని చెప్పాడు. నోటికి పని కావాలంటే సోంపు నమలండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

మలంలో రక్తం, తారులాంటి నల్లటి మలం, ఆగని వాంతులు, భరించలేని కడుపునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిని వేప్ మీదకో విత్‌డ్రాయల్ మీదకో నెట్టేయకండి. అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు జబ్బు కొందరికి సిగరెట్ మానాక బయటపడుతుంది, ఉన్నవాళ్లకి తిరగబెడుతుంది. అలాగని మళ్లీ సిగరెట్ పట్టుకోనక్కర్లేదు, దానికి మందులున్నాయి. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని కూర్చోకండి. మనం ఏళ్లపాటు పొగ తాగినవాళ్లం. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వాంతులు, విరేచనాలు, కడుపునొప్పితోపాటు జ్వరం, దగ్గు, ఆయాసం కూడా ఉంటే అదే రోజు వెళ్లండి. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లలో ఎక్కువమందికి కడుపు బాధలు కూడా కనిపించాయి. గంజాయి సారం కలిపిన లిక్విడ్లలో వాడిన విటమిన్ ఈ ఎసిటేట్‌ని ముఖ్య కారణంగా గుర్తించారు. ఎవరో ఇంట్లో కలిపి ఇచ్చిన లిక్విడ్ దేన్నీ ముట్టుకోకండి. ఇంట్లో పిల్లలుంటే సీసాకి తాళం పెట్టాలి. కాస్త మింగినా వాళ్ల ప్రాణానికే ప్రమాదం.

స్ట్రెంగ్త్ తగ్గించేటప్పుడు

సిగరెట్ ఊసే లేకుండా రెండు మూడు నెలలు గడిచాక తగ్గించడం మొదలుపెట్టండి, తొందర వద్దు. నేను 12 నుంచి 6కి, 6 నుంచి 3కి, తర్వాత సున్నాకి దిగాను. ప్రతి మెట్టు మధ్యా ఆరు వారాలు ఉంచాను. దిగిన ప్రతిసారీ మలబద్ధకం మూడు నాలుగు రోజులు తిరిగొచ్చింది, చిరాకు వారం ఉంది. కాఫీ బాధ మాత్రం మళ్లీ రాలేదు, పొగ అప్పటికే పోయింది కదా. కొత్త సీసా తెరవడానికి రెండు రోజుల ముందునుంచే నీళ్లు, పీచు పెంచి, ఆ వారంలో రాత్రి డ్యూటీలు లేకుండా చూసుకోండి.