విదేశాల్లో పిల్లలకు అంతర్జాతీయ పాఠశాలను ఎంచుకునే విధానం

ఉద్యోగరీత్యా విదేశానికి వెళ్లే తల్లిదండ్రులు పాఠశాలలను చూడటానికి ముందే, అక్కడ ఎన్నేళ్లు ఉంటారో, ఆ తర్వాత పిల్లలు ఏ దేశంలో చదువు కొనసాగిస్తారో తేల్చుకోవాలి. పాఠ్యప్రణాళిక ఎంపిక ప్రధానంగా దీనిపైనే ఆధారపడుతుంది.

తరచూ దేశాలు మారే కుటుంబాలకు, 1968లో జెనీవాలో ఏర్పడిన ఇంటర్నేషనల్ బాకలారియేట్, అంటే ఐబీ, అనుకూలంగా ఉంటుంది. దాని డిప్లొమా 16 నుంచి 19 ఏళ్ల వారికి ఉద్దేశించిన రెండేళ్ల కోర్సు. ఆరు సబ్జెక్టులతో పాటు 4,000 పదాలకు మించని పరిశోధనా వ్యాసం కూడా రాయాలి. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ, అంటే మాధ్యమిక విద్యకు సంబంధించిన అంతర్జాతీయ సర్టిఫికెట్ కోర్సు, సాధారణంగా 14 నుంచి 16 ఏళ్ల వారు చదివేది. ఈ కోర్సుల్లో మధ్యలో చేరడం పిల్లలకు నిజంగా భారం కనుక, వీలైతే మీ బదిలీనే కొన్ని నెలలు వాయిదా వేయించుకోండి.

ఐబీ 'అభ్యర్థి పాఠశాల' అంటే ఇంకా పూర్తి గుర్తింపు రాని పాఠశాల అని గుర్తుంచుకుని, గుర్తింపు వివరాలను ఐబీ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి.

బోధనా రుసుముతో పాటు ప్రవేశ, బస్సు, పరీక్ష రుసుములను, వాపసు నిబంధనలను రాతపూర్వకంగా అడగాలి.

పాఠశాలకు వెళ్లినప్పుడు ఒక విద్యార్థి నోటుపుస్తకం చూపించమని కోరండి. ఉపాధ్యాయుడు తప్పు పక్కన కేవలం గీత గీసి వదిలేశారా, లేక ఎలా సరిదిద్దుకోవాలో రెండు వాక్యాలు రాశారా అన్నది ఏ కరపత్రమూ చెప్పలేని విషయం. భోజన విరామంలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటున్నారో కూడా గమనించండి.